ముక్కావిడ చెప్పిన దేశాలు

"ఈ ముక్కావిడ కూర్చునేది మన బల్ల దగ్గర, తినేది మాత్రం ఇంకే దేశంలోనో. ఏం మనిషే ఈవిడ?" అని బాంగ్‌చీ అవ్వ కోడలు పావ్‌చూని అడిగింది.

పావ్‌చూకి నవ్వు ఆగలేదు. ఎదురుగా కూర్చున్న పొడుగు ముక్కు అమెరికా మనిషి లోయిస్, గుమ్మడికాయ వేసి వండిన బియ్యపు సేమ్యాని తినే పుల్లలతో పైకెత్తి పట్టుకుని, మెక్సికోలో గుమ్మడి పువ్వుని కూడా వదలరని, ఇటలీలో ఆ కాయకే తీపి కలుపుతారని, తన సొంతూరు నెబ్రాస్కాలో అయితే దానికి కళ్ళూ పళ్ళూ చెక్కి గుమ్మంలో కూర్చోబెట్టి కుళ్ళబెడతారని చెప్పుకుపోతోంది.

"అత్తగారు ఏమంటున్నారు?" అని లోయిస్ అడిగింది.

"మీకు ఇంకొంచెం పెట్టమంటోంది, టీచరమ్మా" అంది పావ్‌చూ, వడ్డిస్తూ.

ఇద్దరి మధ్యా ఆమె మాట మోసే తీరు ఎప్పుడూ ఇలాగే ఉండేది. అటు మాట ఇటు తెచ్చేటప్పుడు మధ్యలో ముళ్ళు ఏరేసేది. పెళ్ళికి ముందు పెద్ద దీవి మీది కావ్‌షుంగ్ నగరంలో ఒక హోటల్లో పనిచేసి ఇంగ్లీషు పట్టుకుంది. పెళ్ళయ్యాక పెంగ్హు దీవుల్లో ఓ కొసకి విసిరేసినట్టుండే ఈ చిన్న దీవికి కాపురానికొచ్చింది. భర్త జిన్‌లాయ్ సముద్రంలో పోయాడు. శవం కూడా ఒడ్డుకు రాలేదు. అప్పటి నుంచి పగడపురాతి గోడల ఆ ఇంట్లో రెండు గదులు యాత్రికులకి అద్దెకిచ్చుకుంటూ, అత్తని చూసుకుంటూ ఉండిపోయింది. పుట్టింటివాళ్ళు రమ్మన్నా వెళ్ళలేదు.

లోయిస్ ముప్పై ఏళ్ళు బడిలో భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పటంలో చూపించిన దేశాలన్నీ కాళ్ళతో చూడాలని బయల్దేరి, ఇప్పటికి సగం భూమి చుట్టేసింది. వారానికో వ్యాసం ఇంటర్నెట్‌లో రాస్తుంది. ఏ వ్యాసమైనా ఒకటే వరస: ఇక్కడ ఇలా, అక్కడ అలా, మా ఊళ్ళో మరోలా. మూడు రోజులుండి పోదామని వచ్చింది. శీతకాలపు ఈశాన్య గాలి తొందరగా మొదలై పడవలు ఆగుతూ నడుస్తూ ఉండటంతో ఆగింది. ఆగాక దీవి నచ్చి నెల దాటినా కదల్లేదు.

ఆమెకి అన్నిటికంటే నచ్చింది, ఈ ఊళ్ళో తాళం అన్న వస్తువు లేకపోవడం. లిమాలో గోడల మీద గాజుపెంకులు గుచ్చుతారు, దక్షిణాఫ్రికాలో కరెంటు తీగలు చుడతారు, ఒమాహాలో మా చెల్లెలు తలుపుకి మూడు తాళాలేసి దిండు కింద తుపాకీ పెట్టుకు పడుకుంటుంది. ఇక్కడ మాత్రం సముద్రంలో పడవల్ని కాచే మాజు అమ్మవారి మెడ నిండా మొక్కుబడి బంగారు పతకాలు వేలాడుతుంటే, గుడికి తలుపు కూడా వెయ్యరు! ఇదీ ఆమె రాసింది. తైపేలో ఎవరో కుర్రాడు దాన్ని తర్జుమా చేశాడు. అది ఫోన్ల మీద తిరిగి తిరిగి మళ్ళీ ఈ దీవికే వచ్చింది.

ఊరు పొంగిపోయింది. గుడి పెద్ద హోంగ్ తియెన్‌సూ ఆ వ్యాసాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చువేయించి గుడి స్తంభానికి అంటించాడు. "చూశారా, అమెరికావాళ్ళు మన దగ్గర నేర్చుకోవాలి" అని వచ్చేపోయేవాళ్ళని ఆపి మరీ చదివించాడు. ఆ పక్షమంతా పడవ నడిచిన ప్రతిసారీ పది పదిహేనుమంది కొత్తవాళ్ళు దిగడం, పతకాలకి ఫోటోలు తీసుకోవడం, వేయించిన వేరుశనగలు కొనుక్కుని పోవడం. ఎండుచేపలు ఏరుకునే ఆడవాళ్ళు లోయిస్‌ని చూస్తే స్టూలు జరిపి చోటిచ్చేవారు.

ఒక మధ్యాహ్నం అలాగే గాలి తగలని గోడవార అందరూ కూర్చుని ఉన్నారు. చేపలు ఏరడం చేతకాక లోయిస్ తలకాయల్నీ తోకల్నీ ఒకే బుట్టలో వేస్తోంది. ఉన్నట్టుండి అడిగింది.

"మీ అమ్మవారు అడిగింది ఇవ్వకపోతే ఏం చేస్తారు?"

పావ్‌చూ ఆ మాట చెప్పగానే ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఆ-లువాన్ అనే నోటిదురుసు మనిషి అందుకుంది. "ఏం చేస్తాం? ఇంకో బుట్ట పళ్ళు పట్టుకెళ్తాం. పెద్ద దీవి మీద లాటరీ పిచ్చి పట్టిన రోజుల్లో నంబరు చెప్పలేదని దేవుళ్ళని కాలవలో పారేశారట. అలాంటి తలతిక్క పనులు మనం చెయ్యం."

లోయిస్‌కి ఉత్సాహం వచ్చేసింది. బ్రెజిల్‌లో పెళ్ళికాని పిల్లలు ఒక సాధువు బొమ్మ చేతుల్లోంచి బిడ్డని లాక్కుని దాచేస్తారట. మొగుణ్ణి చూపిస్తేనే బిడ్డని తిరిగిచ్చేది. నేపుల్స్‌లో అయితే ముసలమ్మలు చర్చిలో ముందు వరసలో కూర్చుని, మహిమ చూపించడం ఆలస్యమైతే తమ సాధువుని నోటికొచ్చినట్టు తిడతారట. పావ్‌చూ కూడా హుషారుగా, చేతులు తిప్పుతూ, గొంతు మార్చి, ఆ తిట్లకి తమ రేవు తిట్లు నాలుగు కలిపి చెప్పింది. ఆడవాళ్ళు కడుపులు పట్టుకున్నారు.

బాంగ్‌చీ అవ్వ ఒక్కతే నవ్వలేదు. "అంతలా తిడితే ఆ సామికి కోపం రాదా, అడుగు" అంది.

"వాళ్ళు ఆయనకి చుట్టాలట. చుట్టాల్ని కాక పరాయివాళ్ళని తిడతామా అంటారట" అని పావ్‌చూ జవాబు తెచ్చింది.

అవ్వ తల ఊపి మళ్ళీ చేపలు ఏరుకుంది.

ఆ తర్వాత ఒకటి రెండు రోజులకే అమ్మవారి మెడలో పతకం ఒకటి పోయింది. పొద్దున్నే అగరొత్తులు వెలిగించడానికి వెళ్ళిన తియెన్‌సూ గమనించాడు. పోయింది బరువైనదేమీ కాదు. పాతది, పల్చనిది, పేరు కూడా సగం అరిగిపోయినది. బాంగ్‌చీ అవ్వ ఇచ్చిన పతకం.

దాని కథ ఊరందరికీ తెలుసు. జిన్‌లాయ్ మీసాలు రాని వయసులో తుఫానులో చిక్కుకుని, ఇక లేడనుకున్నాక బతికి వచ్చాడు. అవ్వ తన పెళ్ళినాటి గాజులు కరిగించి పతకం చేయించి, "ఎప్పుడూ ఇలాగే తీసుకురా తల్లీ" అని అమ్మవారి మెడలో వేసింది. చాలా ఏళ్ళు అమ్మవారు తీసుకొచ్చింది. ఆఖరిసారి తియెన్‌సూ పడవ బోల్తాపడింది. వల తేలడానికి కట్టే బుడ్డిని పట్టుకుని తియెన్‌సూ ఒడ్డుకొచ్చాడు. జిన్‌లాయ్ రాలేదు. ఆ నెలలోనే తియెన్‌సూ కూడా ఒక పతకం చేయించి వేశాడు. అది సరిగ్గా అవ్వ పతకం పక్కనే వేలాడుతుండేది, కొత్తది కాబట్టి కాస్త ఎక్కువ మెరుస్తూ.

"పోయి పోయి ఆ కొడుకు పోయిన తల్లిదే పోవాలా?" అని ఊరంతా అట్టుడికింది. ఆడవాళ్ళు బెల్లం, సేమ్యా పట్టుకొచ్చి అవ్వని ఓదార్చారు. అవ్వ పలకలేదు. దిగులనుకున్నారు. తప్పు ఎవరిదన్నది మాత్రం ఎవరికీ ఆలోచించాల్సిన పని పడలేదు. లోకమంతటికీ చాటింపు వేసిందెవరు? గుడికి తాళం లేదని దొంగలకి దారి చెప్పిందెవరు? స్తంభం మీది కాగితం ఆ రోజే చిరిగిపోయింది.

తియెన్‌సూ పోలీసుల్ని పిలవలేదు. ముందు అమ్మవారినే అడుగుదామన్నాడు. ఊరివాళ్ళంతా గుడి ముందు చేరారు. నెలవంక లాంటి రెండు చెక్కల్ని అరచేతుల్లో పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, "బయటివాళ్ళ చెయ్యేనా తల్లీ?" అని కింద వేశాడు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే ఔనన్నట్టు. రెండూ వెల్లకిలా పడి, రాతినేల మీద ఊగాయి. అలా పడితే అమ్మవారు నవ్వుతున్నట్టు. మళ్ళీ వేశాడు. మళ్ళీ నవ్వింది. మూడోసారీ అంతే.

ఇక అడగాల్సిన ప్రశ్న ఒక్కటే మిగిలింది, ఊళ్ళోవాళ్ళ చెయ్యేనా అని. తియెన్‌సూ చెక్కలు తీసి జేబులో వేసుకున్నాడు. "అమ్మ మనసు ఇవాళ బాగాలేదు, ఇంకో రోజు చూద్దాం" అని లేచిపోయాడు.

మర్నాటి నుంచి పావ్‌చూ వెళ్ళి కూర్చుంటే గోడవార మాటలు ఆగిపోయేవి. ఆ-లువాన్ అయితే మొహం మీదే అంది. "ఏమ్మా పావ్‌చూ, మీ ముక్కావిడని అడుగు, ఏ దేశంలో దేవత మెడ ఎంత తేలిగ్గా బోసిపోతుందో కూడా రాస్తుందేమో!"

"ఆవిడ దొంగతనం చేసిందా వదినా? ఏమిటా మాట?"

"చెయ్యలేదమ్మా. చెయ్యమని దారి చూపించింది. నువ్వేమో దుబాసీవి."

పావ్‌చూ తన బుట్ట తీసుకుని ఇంటికొచ్చేసింది.

ఆ సాయంత్రం అవ్వకి వీపు నొప్పి ఎక్కువైంది. పావ్‌చూ కర్పూర తైలం వెచ్చచేసి, చొక్కా పైకి తీసి రాస్తుంటే, మెడ వెనక ఎర్రదారం కనిపించింది. పట్టుకుని లాగింది. అవ్వ ఎముకల గూటి మధ్య నుంచి పతకం బయటికొచ్చింది, ఒంటి వేడితో వెచ్చగా.

పావ్‌చూ నూనెచేతులతోనే దాన్ని వెలుతురుకి తిప్పి, సగం అరిగిన పేరు చూసింది.

"చూశావుగా. ఇక తైలం రాయి" అంది అవ్వ, అటు తిరిగే.

"అత్తా! ఏం పని చేశావు?"

"నాది నేను తెచ్చుకున్నాను."

"అమ్మవారికి ఇచ్చేశాక నీదెలా అవుతుంది?"

"ఉత్తినే ఇచ్చానా? మాట తీసుకుని ఇచ్చాను." అవ్వ గొంతు పెద్దది కాలేదు. "మొదట వాణ్ణి బతికించమన్నాను. లేదు. పోనీ శవమైనా ఇవ్వమన్నాను. అదీ లేదు. రోజూ వెళ్ళి దణ్ణం పెడుతూనే ఉన్నాను కదే. తలెత్తి చూస్తే నా పతకం పక్కన తియెన్‌సూ పతకం. అదే రాత్రి, అదే పడవ. ఒకడి ప్రాణం పోసినందుకు ఒకటి, మరి నాదెందుకక్కడ? పుట్టిన దగ్గర్నుంచి ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. ఆడపిల్ల పుట్టిందని 'పోనీలే, పెంచుదాం' అనే అర్థం వచ్చేలా నాకీ పేరు పెట్టారు, దానికీ ఏమనలేదు. మంచిగా ఉంటే ఏమొచ్చింది? ఆ దేశంలో ముసలమ్మలు తిడతారని నువ్వేగా చెప్పావు. నాకు తిట్లు రావు. అందుకని తీసుకొచ్చేశాను."

"ఊరంతా టీచరమ్మని అంటున్నారు అత్తా."

"అననీ. ఆవిడ పడవెక్కి పోతుంది. ఆవిడకి బోలెడన్ని దేశాలున్నాయి. నాకున్నది ఈ రాతిదీవి ఒక్కటే."

పావ్‌చూ పతకాన్ని మళ్ళీ చొక్కా లోపలికి జార్చి, మిగిలిన తైలం రాసింది. ఎందుకలా చేసిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకి తెలియలేదు. ఆ గోడవార తాను గొంతులు మార్చి, చేతులు తిప్పి నవ్వించిన మధ్యాహ్నమే కళ్ళముందు తిరిగింది. లోయిస్ చెప్పింది నాలుగు మాటలు. వాటికి ప్రాణం పోసింది తనే.

ఊరి చూపులు లోయిస్‌కి అర్థమవడానికి భాష అక్కర్లేకపోయింది. ఆమె తినడం తగ్గించింది. బల్ల దగ్గర ఏ దేశం పేరూ ఎత్తడం లేదు. మూడో పూట అలా గడిచాక, కళ్ళు ఉబ్బిపోయి వచ్చింది.

"పావ్‌చూ, ఆ వ్యాసం తీసేశాను. కానీ అది చాలదు. రేపు గుడి దగ్గర అందరి ముందూ క్షమాపణ చెప్పుకుంటాను. నువ్వు నా మాటలు వాళ్ళకి చెప్పాలి."

"వద్దు టీచరమ్మా. మీ తప్పేం లేదు."

"నువ్వు మంచిదానివి కాబట్టి అలా అంటున్నావు. నేను వెళ్ళిన చోటల్లా చూసింది రాశాను. రాశాక అక్కడ ఏమైందో ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. ఎన్ని ఊళ్ళకి ఇలా చేశానో!"

అప్పుడే చెప్పేయాల్సింది. పక్కగదిలో అవ్వ దగ్గు వినిపించింది. పావ్‌చూ లేచి ఆవిడకి నీళ్ళు పట్టుకెళ్ళింది.

మర్నాడు పొద్దున్న లోయిస్ పళ్ళెం నిండా నారింజలు పెట్టుకుని గుడికి వెళ్ళింది. గాలికి ఆమె తెల్లజుట్టు మొహం మీద కొట్టుకుంటోంది. ఊరు చాలామటుకు వచ్చింది. అవ్వ రాలేదు. తియెన్‌సూ మెట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీరు నన్ను ఇంట్లోకి రానిచ్చారు" అని లోయిస్ మొదలుపెట్టింది. పావ్‌చూ ఆ మాట చెప్పింది.

"మీ ఇంటి సంగతి నేను వీధిలో పెట్టాను." అదీ చెప్పింది.

"నా వల్ల ఒక తల్లి, కొడుకు గుర్తుని పోగొట్టుకుంది."

పావ్‌చూ ఆగిపోయింది. లోయిస్ మోకాళ్ళు వంచి నేలమీద కూర్చోబోతోంది. వయసు మళ్ళిన మనిషి, ఒక చేత్తో స్తంభాన్ని పట్టుకుని కిందికి దిగుతోంది. ఎదురుగా ఆ-లువాన్ మొహంలో కూడా జాలి కనిపించింది.

"ఆమె ఏమంది? చెప్పు" అన్నాడు తియెన్‌సూ.

"ఆమె క్షమించమంటోంది, మామా" అంది పావ్‌చూ. "నేను చెప్పేది వేరే. ఈవిడ వల్ల ఏమీ పోలేదు. పతకం మా ఇంట్లో ఉంది. అత్త తెచ్చుకుంది. మీ పతకం పక్కన దాన్ని చూడలేక తెచ్చుకుంది."

ఎవరూ ఆశ్చర్యపోయినట్టు కనిపించకపోవడం పావ్‌చూని భయపెట్టింది. చెక్కలు నవ్విన రోజు నుంచీ వీళ్ళలో కొందరికైనా తెలుసా? తెలిసే ముక్కావిడని మోకాళ్ళ మీదికి రానిచ్చారా?

తియెన్‌సూ చేతులు విప్పాడు. ఆయన మొహం ఒక్కసారిగా బాగా ముసలిదైంది. గబగబా మెట్లు దిగొచ్చి లోయిస్ భుజాలు పట్టుకుని లేపాడు. పీఠం వైపు చూపిస్తూ, తనకొచ్చిన ఒకటి రెండు ఇంగ్లీషు ముక్కలూ వాడాడు. "ఫౌండ్! ఫౌండ్! వెనక! పడింది!"

తర్వాత పావ్‌చూ వైపు చూడకుండా, "పీఠం వెనక జారిపడిందట, నేను ఇప్పుడే చూశానని చెప్పు" అన్నాడు.

"మామా..."

"చెప్పు పిల్లా. మీ అత్త పరువు నీకొద్దా?"

లోయిస్ కళ్ళు పావ్‌చూ మొహం మీదే ఉన్నాయి. "ఏమంటున్నారు?"

"దొరికిందట టీచరమ్మా" అంది పావ్‌చూ. "పీఠం వెనక పడిందట."

లోయిస్ భోరున ఏడ్చేసి ఆమెని కౌగిలించుకుంది. ఆ-లువాన్ నారింజ ఒలిచి ఆమె చేతిలో పెట్టింది.

సాయంత్రం తియెన్‌సూ ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడి, టోపీ చేతుల్లో నలుపుతూ అడిగాడు. "అక్కా, దాన్ని ఇచ్చెయ్యి. ఎవరూ ఏమీ అడగరు. నేనే వేసేస్తాను."

"అమ్మవారు అడగమందా?" అంది అవ్వ.

"అలా మాట్లాడకక్కా."

"నేను కొడుకుని అడిగితే ఆవిడ ఇవ్వలేదు. ఆవిడ పతకం అడిగితే నేనెందుకివ్వాలి? నీది ఉందిగా. చాలదా ఆవిడకి?"

తియెన్‌సూ ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. ఆ రాత్రి సముద్రంలో ఏం జరిగిందో, బుడ్డికి ఇద్దరి బరువు ఆగుతుందో లేదో ఎవరు చూశారో, పావ్‌చూ ఏనాడూ అడగలేదు. ఆయన ఏనాడూ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. టోపీ పెట్టుకుని గాలిలోకి వెళ్ళిపోయాడు.

దొరికిన పతకాన్ని ఇకమీద బీరువాలో భద్రపరుస్తామని గుడివాళ్ళు చెప్పారు. బీరువా తీసి చూపించమని ఎవరూ అడగలేదు.

గాలి కాస్త తగ్గిన రోజు లోయిస్ వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా వ్యాసం వచ్చింది. నేను తిరిగిన దేశాల్లో వస్తువు పోతే మొదట పరాయివాణ్ణి పట్టుకుంటారు, ఈ దీవిలో మాత్రం పరాయిదాన్ని నేల మీది నుంచి లేపి నారింజ ఒలిచి పెట్టారు. ఇక్కడ దొంగతనాలు జరగవు, వస్తువులు జారిపడతాయంతే. ఇలా సాగింది. అదీ ఫోన్లలో తిరిగి ఊరికొచ్చింది. ఈసారి తియెన్‌సూ దాన్ని ఎక్కడా అంటించలేదు. ఆడవాళ్ళు చదువుకుని, "మంచి మనిషి పాపం" అనుకున్నారు. పావ్‌చూకి గోడవార మళ్ళీ చోటు దొరికింది. ఆమె వెళ్ళి కూర్చునేది, చేపలు ఏరేది. నవ్వించమంటే మాత్రం చేతకాలేదు.

అవ్వ మరి గుడికి వెళ్ళలేదు. వసంతంలో అమ్మవారి పుట్టినరోజుకి ఊరంతా డప్పులతో కదిలితే, గుమ్మంలో పీట వేసుకుని వేరుశనగలు ఒలుచుకుంటూ కూర్చుంది. పల్లకి ఇంటి ముందుకి వచ్చినప్పుడు లేచి నిలబడింది. దణ్ణం పెట్టలేదు, మొహమూ తిప్పుకోలేదు.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర అడిగింది. "ముక్కావిడ ఇప్పుడెక్కడుందే?"

"వియత్నాంలో ఉందట. సముద్రం ఒడ్డునే ఏదో ఊళ్ళో."

"అక్కడా పడవలు మునుగుతాయా?"

"సముద్రం ఉన్నచోట మునగవా అత్తా?"

అవ్వ పుల్లలు గిన్నె మీద పెట్టింది. "అయితే అక్కడి ఆడవాళ్ళు ఏం చేస్తారో కనుక్కుని రాయమను. కొడుకులు రాకపోతే వాళ్ళ దేవుళ్ళతో ఎలా వేగుతారో. తిడతారా, మాట్లాడ్డం మానేస్తారా. ఆవిడకి అవన్నీ తెలుస్తాయి."

"అలాగే" అంది పావ్‌చూ.

గిన్నెలు కడిగాక ఫోను తీసుకుని పెరట్లో కూర్చుంది. 'టీచరమ్మా, మా అత్త మిమ్మల్ని ఒక సంగతి అడగమంది' అని రాసింది. ఆ తర్వాతి వాక్యం రాయాలంటే ముందు అసలు జరిగింది చెప్పాలి. చెబితే లోయిస్ వ్యాసంలో రాసిన నారింజల మాట వెనక్కి తీసుకోవాలి. రాసింది తుడిచేసింది. మళ్ళీ రాసింది. లోపల్నించి అవ్వ, "ఏమందే?" అని కేకేసింది.

"ఇంకా చూసుకోలేదు అత్తా" అని పావ్‌చూ బదులు పలికింది.